అంబులెన్సు అచ్చరాలు కోసిన రోజు

రెండువేల ఇరవై నాలుగు, మే నెల. వరంగల్ కాశిబుగ్గల మాది రేడియం కటింగ్ షాపు. బండ్ల మీద, షాపుల అద్దాల మీద అతికే స్టిక్కర్ అచ్చరాలను మాకాడ రేడియం అంటరు. మా ఇంటాయన పెట్టిన షాపు. ఆయన చలికాలంల కాలం చేసిండు, షాపు నా మీద పడ్డది. నా పేరు రాసుకునుడు తప్ప నాకు చదువు రాదు. ఇది గూడ నేను చెప్తాంటే మా కోడలు జ్యోతి రాస్తాంది. జ్యోతి కంప్యూటర్ల డిజైన్ చేస్తది, నేను మిషన్ కాడ నిలవడత.

ఆ మిషన్‌ను కటింగ్ ప్లాటర్ అంటరు. కంప్యూటర్ల గీసింది వైరు పట్టుకొని దానికి పోతది. అది స్టిక్కర్ రోల్‌ను ముందుకు ఎనుకకు గుంజుకుంట, చిన్న బ్లేడుతోని పైపొర ఒక్కటే కోస్తది, కింది కాయితం తెగొద్దు. కోసినంక అచ్చరం చుట్టున్న ఫాల్తు పొరను నేను సూదితోని పీకుత. అచ్చరాలు చదవరావు గని కోత చప్పుడు నాకు ఎరికే. గుండ్రంగ తిరిగితే ఒక తీరు, మూల మలిగితే ఒక తీరు.

ఆ దినం పొద్దుగాల పదింటికి యాకూబ్ భాయ్ వచ్చిండు. ములుగు అవతల అడివి ఊర్లకు తిరిగే అంబులెన్సుకు డ్రైవర్. బండికి కొత్తగ రంగేసిర్రు, పాత అచ్చరాలు పోయినయి. మూడింటికి ఫిట్‌నెస్, అంటే బండి రోడ్డు మీద తిరగొచ్చని ఆఫీసోళ్లు చూసి రాసిచ్చుడు. అచ్చరాలు లేకుంటే వాపస్ పంపుతరు. మళ్ల తారీకు ఎప్పుడిస్తరో తెల్వదు, అప్పటిదాంక బండి షెడ్డులనే.

"ఊర్ల ఇద్దరు నెలలు నిండినోళ్లున్నరు అక్కా. దవాఖానకు పోవాలంటే ఆళ్లకు నా బండే," అన్నడు.

గంట పని, కూసోమన్న.

లైటు పడితే మెరిసే ఎర్ర రోల్ మూడుసార్లకు సరిపోను ఉన్నది. కొత్తది హైదరాబాద్ నుంచి రావాలె. జ్యోతి డిజైన్ పంపింది. నాలుగు అచ్చరాలు మంచిగనే తెగినయి. అయిదోదాని కాడ బ్లేడు ఒక్క గడియ ఆగి, జర్రున అడ్డంగ గీసుకుంట పోయింది. ఎనుకొచ్చిన అచ్చరాలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కినయి. మళ్ల పంపితే రెండోసారి ఏడో అచ్చరం కాడ గట్లనే చేసింది. ఇగ ఎర్ర రోల్ ఒక్కసారికే మిగిలింది.

డిజైన్ల తప్పుంటే రెండుసార్లు ఒక్క తావులనే చెడాలె గదా అన్న. జ్యోతి అవునన్నది. వైరు మార్చింది. డ్రైవర్ తీసేసి మళ్ల ఎక్కించింది. డ్రైవర్ అంటే కంప్యూటర్ మాట మిషన్‌కు సమజయ్యేటట్టు చెప్పే ప్రోగ్రాం. స్పీడు తగ్గించింది. చిన్న ముక్క మీద చుక్క బొమ్మ కోస్తే ముద్దుగ వచ్చింది. మిషన్ బాగయిందనుకున్నం. ఎందుకన్న మంచిదని పాత తెల్ల రోల్ మీద పొడుగు పని పెట్టినం, మళ్ల మధ్యల గీసుకుంట పోయింది. మెకానిక్‌కు ఫోన్ చేస్తే లోపల బోర్డు పోయిందమ్మా, హైదరాబాద్ తీసుకురావాలె అన్నడు.

అప్పటికి పన్నెండున్నర దాటింది. యాకూబ్ భాయ్ కూసోలేక గడపల నిలవడ్డడు.

చెడిన తెల్ల రోల్ తీద్దామని గుంజిన. చిటచిటమన్నది, చెయ్యి మీద ఎంటికలు లేచి నిలవడ్డయి. మిషన్ ఇనుప పట్టీకి చెయ్యి తాకితే జుమ్మన్నది. జ్యోతికి చెప్తే ఎండలకు రోల్ గుంజితే గట్లనే అయితదన్నది.

"పోయినేడు గూడ ఎండలే గదనే. అప్పుడెందుకు కాలే?" అన్న.

పోయినేటికి ఈయేటికి ఏం మారిందని మిషన్ చుట్టు చూసిన. అదే మిషన్, అదే బల్ల, అదే ప్లగ్గు. ప్లగ్గు ఎనుక నుంచి పచ్చ వైరు గోడ పట్టుకొని బయటికి పోయింది. అది ఎర్తు వైరు. మిషన్‌ల పుట్టే ఫాల్తు కరెంటును అది భూమిలకు దించుతది. దిగకుంటే పొడుగు పనిల జమయి మిషన్‌ను తిక్క పట్టిస్తది. మా ఇంటాయన మెట్టు ముందట గుంత తవ్వి, బొగ్గు, ఉప్పు పోసి, ఇనుప రాడ్డు దించి దానికి కట్టిండు. వైరు ఎంబడి చెయ్యి పెట్టుకుంట బయటికి పోయిన. రాడ్డు చుట్టు భూమి పర్రెలు వాసి ఉన్నది, నా ఏలు దూరేటట్టు.

అక్కడనే కూసున్న. ఆ జాగల పద్దెనిమిదేండ్లు రోజు పొద్దుగాల సాన్పి, గదే కల్లాపి, చల్లింది నేనే. బకెట్ నిండ నీళ్లు, ఆ మెట్టు ముందటనే. ఎర్తు ఎండొద్దని ఆయన అంటుండే గని, సాన్పి నీళ్లకు అది ఎన్నడు ఎండలే. ఆయన పోయినంక మా ఆడబిడ్డ వచ్చి, ముండమోసినోళ్ల చెయ్యి పొద్దుగాల్నే షాపు ముందట తాకొద్దు, గిరాకి రాదని చెప్పింది. నేను మానేసిన. అయిదు నెలలు సుక్క నీళ్లు పడలే.

రెండు బకెట్లు తెచ్చి గుమ్మరిచ్చిన. నీళ్లు బుడబుడమనుకుంట లోపలికి పోయినయి. యాకూబ్ భాయ్ చూసి, "మిషన్ లోపలుంటే బయట తాపుతానవేందక్కా?" అన్నడు.

"నోరు మూసి ఇంకో బకెట్ పట్టుకరా," అన్న.

ఉప్పు చల్లి, ఆరు బకెట్లు పోసినం. కొద్దిసేపు ఆగి ఇనుప పట్టీ మీద చెయ్యి పెట్టిన. జుమ్మనలే. తెల్ల రోల్ మీద పొడుగు పని పెడితే కడదాంక తెగింది. అయినా ఎర్రది ఎక్కిచ్చినంక జ్యోతి నా దిక్కు చూసింది.

"అత్తమ్మా, ఇది పోతే ఇంకోటి లేదు."

"ఎరికే. పంపు."

నేను కండ్లు మూసుకొని చప్పుడే ఇన్న. నాలుగు అచ్చరాలు. అయిదోది మలిగింది. ఏడోది మలిగింది. యాకూబ్ భాయ్ ఏందో చదువుకుంటాండు, పెదవులు ఒక్కటే ఆడుతానయి. ముందు పోయే బండోళ్లకు ఆళ్ల అద్దంల సక్కగ కనవడాలని ముందట అద్దం కింద అతికే ఉల్టా అచ్చరాలు గూడ తెగి, బ్లేడు లేచి పక్కకు పోయి ఆగింది. అప్పుడు కండ్లు తెరిచిన. రెండుంబావు.

నేను పీకుతాంటే జ్యోతి బండికి అతికిచ్చింది. ఆఖరి అచ్చరం మీది టేపు తియ్యకముందే యాకూబ్ భాయ్ బండి స్టార్ట్ చేసిండు. నాలుగున్నరకు ఫోన్ చేసి, పాసయింది అక్కా, ఊరికి పోతాన అన్నడు. నేను ఫోన్ జ్యోతికిచ్చిన.

ఈ పనిల నేను నేర్చుకున్నది ఒక్కటే. మిషన్ తిక్క చేస్తే దాన్నే ఇప్పి చూసుడు గాదు, మన చేతుల పని ఏం మానేసినమో గూడ చూడాలె.

తెల్లారి నుంచి మళ్ల సాన్పి మొదలువెట్టిన. పదిరోజులకు మా ఆడబిడ్డ పొద్దుగాల్నే వచ్చి చూసి, మెట్టు కాడనే ఆగింది.

"ఏం జేస్తానవు సమ్మక్కా?"

"ఎర్తుకు నీళ్లు పోస్తాన వదినె. లేకుంటే మిషన్ నడవది."

"మరి ముగ్గెందుకేసినవు?"

"ఎర్తు యాడున్నదో గుర్తుండాలె గద," అని చెప్పి, బకెట్ పట్టుకొని లోపలికి పోయిన.