మూడో వరస

పదహారేండ్లుగా ఒక కాగితం నా దగ్గరుంది. మడతల దగ్గర చినిగి నాలుగు ముక్కలయ్యేట్టుంది. పెట్టె అడుగున, పంచెల కింద దాచాను. నా భార్యకు కూడా చూపించలేదు. ఆ కాగితం బరువు ఇక మోయలేక ఈ పొద్దు మీ ముందు దించుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెబితే, పోనీలే అయివారూ, అవి అట్లాంటి రోజులు అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. రోజులేం చేశాయి? కలం పట్టుకుంది రోజులా? పట్టుకుంది నేను.

నిన్న ప్రొద్దుటూరులో మా వీధిలో రిటైరైనవాళ్లు పదిమంది కూడారు. ముసలివాళ్లు పగటిపూట కూర్చోవడానికి ఒక చోటు కట్టుకుందామని, వచ్చే ఐదేండ్లలో ఏ ఏడు ఏం చెయ్యాలో ముందే రాసిపెట్టుకుందామని. మంచి మాటే. తెల్లకాగితం తెచ్చి నా ముందు పెట్టారు. అయివారి దస్తూరి బాగుంటుంది, అయివారే రాయాలన్నారు. నేను లేచి వచ్చేశాను. కోపమొచ్చిందనుకున్నారు. వచ్చిన మాట నిజమే. వాళ్ల మీద కాదు.

నేను జమ్మలమడుగు పక్కన ఒక నేతగాళ్ల ఊర్లో ఎలిమెంటరీ స్కూలు అయివారిగా ఉన్న కాలం అది. పంచాయతీ సమితులు కొత్తగా వచ్చాయి. భార్యాపిల్లలు ప్రొద్దుటూరులో ఉండేవాళ్లు. వారానికొకసారి బస్సెక్కి పోయి చూసి వచ్చేవాణ్ణి.

ఆ ఊర్లో ఇల్లంటే ఒక గది. గదిలో సగం మగ్గం గుంట. మిగతా సగంలో నూలు, పొయ్యి, పిల్లలు. నేసే వయసున్నంత కాలం మనిషికి ఇంట్లో చోటుండేది. కండ్లు ఆనక, కాళ్లు గుంటలోకి దిగకపోతే, పొద్దున్నే చాప చంకన పెట్టుకుని వీధిలోకి రావాల్సిందే. ఎవరూ తరిమేవాళ్లు కాదు. చోటు లేదు, అంతే. పొద్దున గోడకు ఒక పక్క, పొద్దు వాలినాక ఇంకో పక్క, నీడను బట్టి జరుగుతూ పోయేవాళ్లు. నడిమధ్యాహ్నం ఏ పక్కా నీడుండదు.

మగవాళ్లకన్నా చావిడి ఉండేది. బండలు లేచిపోయి సందుల్లో తేళ్లు చేరినా నెత్తిన కప్పుండేది. ఆడవాళ్లకు అదీ లేదు. ఆ ఊరి ఆడవాళ్లు చావిడి ముందు నడవరు. అరుగు మీద మగవాళ్లుంటే వెనకసందులో చుట్టు తిరిగి పోతారు. ఎనభై ఏండ్ల అవ్వయినా అంతే. ఎవరు పెట్టారు ఈ కట్టుబాటు? ఎవరూ చెప్పలేరు. తప్పేవాళ్లూ లేరు.

ఆ చావిడిని బాగుచేసి ముసలివాళ్లకు ఇద్దామని సమితి నుంచి ఒక ఆఫీసరు వచ్చి చెప్పాడు. ఐదేండ్లకు ఐదు పనులు, ఊరివాళ్లే అనుకుని రాసియ్యాలి. కాగితంలో ఉంటే చేస్తాం, లేనిది మమ్మల్ని అడగొద్దన్నాడు. ఆ మాట ఊర్లో అందరి నోటా పాకింది. కాగితంలో పడాలంట, కాగితంలో పడాలంట అని.

స్కూలు వరండాలో కూర్చున్నాం. అక్కడైతే ఆడవాళ్లు కూడా రావచ్చు. ముసలివాళ్లు అంతమంది ఒకచోట చేరి, వచ్చే ఏడు గురించి, ఆ పై ఏడు గురించి మాట్లాడుకోవడం నేను అంతకు ముందు చూడలేదు. రేపటి దాకా ఉంటామో లేదో తెలియనివాళ్లు ఐదో ఏటికి ఏం కావాలో వాదులాడుకున్నారు. మొదటి ఏడు బండలన్నారు మగవాళ్లు, తేళ్ల భయంతో. రెండో ఏడు తాగేనీళ్ల తొట్టి. అప్పుడు దూదేకుల మస్తానమ్మ లేచి నిలబడింది.

ఆమె మొగుడు ఊరూరా తిరిగి దూదేకేవాడట, పోయి శానా ఏండ్లయింది. ఆమె కండ్లు కనబడినంత కాలం నేతగాళ్లకు నూలు కండెలు చుట్టింది. ఇప్పుడు కొడుకింట్లో చోటు లేక వీధిలో చాప మీద ఉండేది. సన్నటి మనిషి, గొంతు మాత్రం వీధి చివరి దాకా వినబడేది. చావిడి వెనకగోడకు ఒక వాకిలి కొట్టండి, లోపల అడ్డగోడ పెట్టి సగం మాకియ్యండి, వెనకసందు నుంచి వచ్చి కూర్చుంటాం, మీ మొహాలు మేం చూడం, మా మొహాలు మీరు చూడొద్దు అంది. అందరూ నవ్వారు. మొదటి ఏడే కావాలని పట్టుబట్టింది. చివరికి మూడో ఏటికి ఒప్పుకుంది. మగవాళ్లు కూడా ఒప్పుకున్నారు. అది గుర్తుపెట్టుకోండి. ఊరు ఒప్పుకుంది.

ఒప్పుకోనిది పంచాయతీ ప్రెసిడెంటు ఒక్కడే. మీటింగులో నోరు మెదపలేదు. మరునాడు బడి వదిలినాక వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. చావిడి వెనక జాగా ఊరిది. అందులో ఆయన గడ్డివాము వేసి, ఎనుములు కట్టేసి ఏండ్లయింది. అక్కడ వాకిలి పడితే వాము ఎత్తాలి. వాము ఎత్తితే జాగా ఎవరిదని పదిమంది అడుగుతారు. ఆయన బెదిరించలేదు. నవ్వుతూనే మాట్లాడాడు. అయివార్ల ట్రాన్స్‌ఫర్లు ఇప్పుడు సమితిలోనే జరుగుతాయంట గదా, మీ పిల్లోళ్లు ప్రొద్దుటూరులో ఉన్నారంట గదా అన్నాడు. పులివెందుల తట్టు కొండల్లో ఒక బడికి అయివారు లేక మూతపడిందని కూడా అన్నాడు. మూడో ఏటికి రేడియో అని రాయండి, రేడియో అంటే ఆఫీసర్లకు ఇష్టం అని చెప్పి, నా బల్ల మీది సుద్దముక్క చేతిలో ఆడిస్తూ లేచిపోయాడు.

నేను ఏమన్నాను? ఏమీ అనలేదు. ఇన్నేండ్లుగా నన్ను నేను తిట్టుకునేటప్పుడు అక్కడే మొదలుపెడతాను. కుదరదు అని ఒక్క మాట. ఆ మాట పిల్లలకు రోజుకు ఇరవై సార్లు చెప్పేవాణ్ణి. పెద్దవాడికి ఒక్కసారి చెప్పలేకపోయాను.

కార్బన్ పెట్టి రెండు కాపీలు రాశాను. ఒకటి సమితికి. రెండోది మస్తానమ్మ అడిగింది. మగోళ్లకు చావిడుంది, మాకు కాయితమన్నా ఉండనీ అంది. ఐదు వరసలు. మొదటిది బండలు. రెండోది నీళ్ల తొట్టి. మూడోది రేడియో. నాలుగోది బెంచీలు. ఐదోది గోడలకు సున్నం. ఒక్క కొట్టివేత లేకుండా, గుండ్రంగా, అందంగా రాశాను. ఆ అందం తలుచుకుంటే ఇప్పటికీ నా చెయ్యి విరగ్గొట్టుకోవాలనిపిస్తుంది.

వేలిముద్ర వేసే ముందు కాగితం చదివి వినిపించడం ఆ పక్క కట్టుబాటు. చదివినవాడి మాట మీదే ముద్ర పడుతుంది. అక్కడ చదువొచ్చినవాళ్లం ఇద్దరమే, నేనూ ప్రెసిడెంటూ. ఆయన వరండా స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. నేను చదివాను. మొదటి వరస ఉన్నదున్నట్టు. రెండో వరస ఉన్నదున్నట్టు. మూడో వరస దగ్గరికి రాగానే, వెనకసందు తట్టు ఆడవాళ్లకు వాకిలి, లోపల ఒక గది అని చదివాను. గొంతు తడబడలేదు. నాలుగు, ఐదు చదివి ముగించాను. ఒక్కొక్కరే వచ్చి ముద్రలు వేశారు. మస్తానమ్మ మాత్రం వెయ్యలేదు. నా పక్కన వచ్చి కూలబడింది.

"ఇంగోతూరి సదువు నాయనా, మా మాట ఒక్కటే."

చదివాను. లేనిదాన్ని రెండోసారి కూడా చదివాను.

"అది యాడ రాసినావో సూపీ."

"ఈడ అవ్వా. మూడో వరస."

"నా ఏలు పట్టుకోని దాని మింద పెట్టు. కండ్లు లేకున్యా నా ఏలుకు గురుతుంటాది."

నేను ఆమె చూపుడువేలు పట్టుకున్నాను. పట్టుకుని, రేడియో అన్న మాట మీద పెట్టాను. ఆమె ఆ వరస పొడుగునా వేలు మెల్లగా జరిపింది. పైనుంచి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంది.

"ఇదేనా మా వాకిలి?"

"అదే."

ముద్ర వేసింది. సరిగా పడలేదు. నూలు చుట్టి చుట్టి బొటనవేలి గీతలు అరిగిపోయాయి. నల్లటి చుక్క ఒకటి మిగిలింది. ప్రెసిడెంటు చూసి, పర్వాలేదు, సాలు అన్నాడు.

ఆ ఏడు బడికి సెలవులిచ్చేలోగా నాకు ప్రొద్దుటూరు ట్రాన్స్‌ఫరు వచ్చింది. నా భార్య సంతోషంగా పాయసం చేసింది. తిన్నాను. నచ్చలేదని చెప్పను, రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.

మొదటి ఏడు బండలు పడ్డాయి. రెండో ఏడు తొట్టి వచ్చింది. కాగితంలో ఉన్నది జరుగుతూ పోయింది. అదే నాకు ఎక్కువ మంట. ఏదీ జరగకపోయుంటే ఆఫీసును తిట్టి ఊరుకునేవాళ్లం. వాళ్లు మాట నిలబెట్టుకున్నారు. అంటే వాకిలి రాసివుంటే వాకిలి కూడా పడేది.

మూడో ఏడు రేడియో వచ్చింది. అది విని మస్తానమ్మ నన్ను వెతుక్కుంటూ ప్రొద్దుటూరు వచ్చింది. ఆ కండ్లతో, బస్సెక్కి, అడుగుతూ అడుగుతూ. వక్కాకు సంచిలోంచి కాగితం తీసి, మడతలు విప్పి, తడుముకుంటూ మూడో వరస మీద వేలు పెట్టి నాకు చూపించింది. నాకే. ఆఫీసోళ్లు ఇది సరిగా చూసినట్టు లేదు, ఎవరికో రాసిన రేడియో మాకు తెచ్చి పెట్టినారు, ఒక తూరి గుర్తు చెయ్యి నాయనా అని అడిగింది. వెనకగోడ మీద వాకిలి యాడ రావాలో తామే సున్నంతో రెండు గీతలు గీసుకున్నామంది. తోటి అవ్వలను రోజూ ఆ గోడ కిందే, వాము పక్కన కూర్చోబెడుతున్నానంది, గోడ కొట్టేవాళ్లు వస్తే చోటు చూపించాలి గదా అని.

ఆ కాగితం వేరేవాళ్లెవరికన్నా చూపించినావా అని అడిగాను. నా భయం నాది. అయివారు సదివినాక ఇంగొకరు సదివేదేముంది అంది.

అప్పుడన్నా చెప్పి ఉండొచ్చు. అప్పటికి ప్రెసిడెంటు నన్నేం చెయ్యగలడు? ఇంకో రెండేండ్లు మిగిలున్నాయి, సమితికి నేనే ఒక అర్జీ రాసి ఉంటే సరిపోయేది. రాయలేదు. రాస్తే మొదటిది తప్పని బయటపడుతుంది. గుర్తు చేస్తాలే అవ్వా అన్నాను. నా భార్య ఆమెకు అన్నం పెట్టింది. ఆమె నన్ను దీవించి బస్సెక్కింది. ఆ రోజు ఆమె మీద నాకు కోపం వచ్చింది. ఎందుకంతగా నమ్మాలి, బడికి పోయే పిల్లోడితో ఒక్కసారి చదివించుకుంటే ఏం పోయింది అని. ఎంత నీచమైన కోపమో చూడండి. మోసం నాది, కోపం ఆమె మీద.

ఐదో ఏటి ఎండాకాలంలో, సున్నం గీతల కింద చాప మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయిందట. నడిమధ్యాహ్నం. గోడకు ఆ పక్కన చావిడిలో రేడియో పాడుతోందట. ఇంటికి మోసుకుపోయారు. రెండు రోజులుండి పోయింది. ముసలిది, ఎట్లయినా పోయేదే అని ఊర్లో అన్నారు. నేను అనను. గోడకు ఈ పక్క ఎండ, ఆ పక్క నీడ. మధ్యలో నేను రాయని వరస. కాదని మీరు ఓదార్చబోతే మీ మీద కూడా కోపమొస్తుంది.

పలకరించడానికి పోయాను. ఏ మొహం పెట్టుకుని పోయానో అడగొద్దు. కోడలు వక్కాకు సంచి తెచ్చి నా చేతికిచ్చింది. అయివారి కాయితం అయివారికే ఇయ్యమని చెప్పి పోయిందట. ఇంటికి వచ్చి విప్పాను. ఒకటి, రెండు వరసలు బాగానే ఉన్నాయి. నాలుగు, ఐదు బాగానే ఉన్నాయి. కార్బన్ రాత గదా, రోజూ వేలు పెట్టి పెట్టి మూడో వరస మొత్తం చెరిగిపోయింది. నీలం మరక తప్ప ఒక్క అక్షరం లేదు.

నా తప్పుకు సాక్ష్యం ఆమె వేలే తుడిచేసింది. సమితిలో ఉన్న కాపీ ఎవరు చూస్తారు? ప్రెసిడెంటు కూడా పోయాడు. నేను నోరు తెరవకపోతే ఆ వరసలో ఏముందో ఎవరికీ తెలియదు. పదహారేండ్లు నోరు తెరవలేదు. పిల్లలకు ఒత్తులు, గుణింతాలు నేర్పాను, అబద్ధం చెబితే బెత్తంతో కొట్టాను. మంచి అయివారని రిటైరైనప్పుడు శాలువా కప్పారు. కప్పించుకున్నాను.

మీరు క్షమిస్తారని రాయడం లేదు. క్షమించే హక్కు మీకు లేదు, ఉన్న మనిషి లేదు. రేపు ఆ పదిమంది దగ్గరికి పోయి ఇదంతా చెబుతాను. ఆ తర్వాత కూడా కాగితం నా ముందే పెడతారో, తీసి ఇంకొకరికిస్తారో వాళ్లిష్టం. ఇప్పుడు మాత్రం పెట్టె తెరిచి ఆ కాగితం తీశాను. ఆ నీలం మరక మీద రాయడానికి చెయ్యి రాలేదు. అది ఆమె వేలిది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మూడో ఏడు: చావిడికి వెనకసందు తట్టు ఆడవాళ్లకు వాకిలి, లోపల ఒక గది.

ఇది మస్తానమ్మ చెప్పింది. ఊరు ఒప్పుకుంది. నేను రాయలేదు, రాసినట్టు చదివాను.