అయస్కాంత ద్రవంలో కుదరని గీత

కోనసీమ ఇంకా విడి జిల్లా కాని రోజుల్లో, పదవీ విరమణకు ఆరేళ్ల ముందు, నేను అమలాపురంలో ఒక డిగ్రీ కాలేజీకి ఫిజిక్స్ శాఖాధిపతిగా బదిలీ మీద వచ్చాను. విశ్వవిద్యాలయం నన్ను పరిశోధనకు గైడుగా కూడా గుర్తించింది. అలా నా దగ్గర చేరిన ఒకే ఒక్క విద్యార్థిని పద్మ. ఓడలరేవు అమ్మాయి. తండ్రి వెంకన్నగారికి వేట పడవ ఉంది.

పద్మ పరిశోధనాంశం అయస్కాంత ద్రవాలు. నూనెలో కంటికి ఆనని ఇనుప ఆక్సైడు రేణువులు కలిపి, అవి ముద్దకట్టకుండా వాటికి పైపూత వేస్తే ఆ నల్లటి ద్రవం తయారవుతుంది. అయస్కాంత క్షేత్రం పెరిగినా, వేడి తగ్గినా అది రెండుగా విడిపోవచ్చు. రేణువులు ఒత్తుగా ఉన్న బొట్లు ఒకవైపు, పలచటి ద్రవం ఒకవైపు. దీన్ని ప్రావస్థ వేర్పాటు అంటారు. ఎంత క్షేత్రం దగ్గర విడిపోతుందో సమీకరణాలతో ముందే చెప్పడం మా పని. ద్రవాన్ని మేము ముట్టుకోము. కాగితం, కంప్యూటరు, అంతే.

పద్మ నమూనాలో రేణువులన్నీ ఒకే సైజువి. ఆ లెక్కతో ఆమె గ్రాఫులో గీసిన గీత, వేరే ప్రయోగశాల వారు కొలిచిన బిందువుల మీదుగా చక్కగా వెళ్లింది. థీసిస్ సమర్పణకు ముందు పెట్టే సెమినారులో అందరూ మెచ్చుకున్నారు.

ఆ తరువాత ఒకరోజు నా గదికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పింది.

"సార్, రేణువు సైజు కొలిచినదాని కన్నా పెద్దది పెడితేనే గీత కుదురుతోందండీ. అసలు సైజులు పెడితే పక్కకి పోతోంది."

లెక్క మళ్లీ చూశాను. నిజమే. అసలు ద్రవంలో చిన్నవీ పెద్దవీ కలిసి ఉంటాయి. పెద్దవి ముందుగా గొలుసుల్లా అంటుకుంటాయి. మా నమూనాలో గొలుసులకు చోటే లేదు. పెంచిన సైజు ఆ లోటును కప్పేసింది.

ఆ సెమినారు విన్న పరిశోధన కమిటీ పెద్ద ఆ సంగతి వదిలేయమన్నారు. ఎవరైనా అడిగితే అది సర్దుబాటు విలువ, అంటే గీత కుదిరేలా మనం ఎంచుకున్న అంకె, అని చెప్పొచ్చన్నారు. ఆ మాట అబద్ధం కాదు. అప్పటికే లెక్చరర్ పోస్టుల ప్రకటన వచ్చి ఉంది. ఈసారికి డాక్టరేటు చేతికి రాకపోతే పద్మకు వయోపరిమితి దాటిపోతుంది. ఇదంతా ఆమెకు చెప్పి, ఎలా రాసినా సంతకం పెడతానన్నాను. కొన్నాళ్లు కాలేజీకి రాలేదు. వచ్చాక "రాస్తానండీ" అని మాత్రం అంది. అసలు సైజులతో గీత కుదరడం లేదన్న సంగతి పెట్టి చివరి అధ్యాయం మొత్తం తిరగరాసింది.

పరీక్షకుల్లో ఒకరు, గొలుసులను కలిపి లెక్క మళ్లీ చేయమంటూ థీసిస్ వెనక్కి పంపారు. పోస్టుల గడువు దాటిపోయింది. ఒక ఉదయం వెంకన్నగారు కాలేజీకి వచ్చారు.

"మా అమ్మాయి ఏం తప్పు చేసిందండీ?"

తప్పేమీ చేయలేదని, ఉన్నది ఉన్నట్టు రాసిందని చెప్పాను.

"ఆయ్. అలా రాసినందుకే ఉద్యోగం పోయిందంటారా అండీ?"

అవునన్నాను. నేను టీ తెప్పిస్తే ఆయన తాగకుండానే వెళ్లిపోయారు.

పద్మ గొలుసులను కలిపి మళ్లీ లెక్కించింది. గీత బిందువులకు దగ్గరైంది గానీ వాటి మీదుగా పోలేదు. ఆ తేడాను దాచకుండా ప్రచురించింది. డాక్టరేటు వచ్చింది, పోస్టు రాలేదు. ఇప్పుడు రాజోలు దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతోంది.

సర్దుబాటు విలువ ఒక్కటున్నా, గీత బిందువుల మీదుగా వెళ్లడం రుజువు కాదు. ఆ విలువను విడిగా కొలిచినదానితో పోల్చి చూడాలి. సరిపోలకపోతే అదీ ఫలితమే, రాయాలి. రాసినందుకు వచ్చే నష్టం రాసినవారి మీదే పడుతుంది. గైడు అయినవాడు ఈ చివరి మాట కూడా విద్యార్థికి ముందే చెప్పాలి.