మిద్దె మీద చౌడు బరువు

కంప్యూటరులో గోడ గీస్తే అది గోడలాగే కనిపిస్తుంది కానీ దానికి బరువు ఉండదు. దేంతో కట్టారో, అది ఘనమీటరుకు ఎంత తూగుతుందో మనం చెప్పాలి. అప్పుడు పొడవు, వెడల్పు, మందం అదే గుణించుకుని ప్రతి గోడకూ ప్రతి దూలానికీ ఎదురుగా కిలోలు చూపిస్తుంది. మందం తప్పు చెబితే ఆ తప్పు బరువునే దశాంశాలతో సహా చూపిస్తుంది.

నేను బడికి పోయినదాన్ని కాదు. ఆత్మకూరులో మా నాన్న తన కిరాణా అంగట్లోనే, తూకపురాళ్ల పక్కన కూర్చోబెట్టి లెక్కలు నేర్పాడు. "ముల్లు నిలబడేదాకా నోరు తెరవగాకు" అనేవాడు. పెళ్లయి కల్లూరు వచ్చాక, ఇంట్లోనే పాత ల్యాప్‌టాప్‌లో వీడియోలు చూసి ఈ భవనాల సాఫ్ట్‌వేరు నేర్చుకున్నాను. సర్టిఫికెట్టు లేకపోయినా పనిలోకి తీసుకున్న ఇంజనీరు సారుకు, రోజూ మల్లన్న పటం ముందు దీపం పెట్టేటప్పుడు మనసులో ఒక దండం పెట్టుకునేదాన్ని. ఆ దండమే నా నోరు కట్టేస్తుందని అప్పటికి తెలియదు.

మా వీధి చివర ఒక అవ్వది పాత మట్టిమిద్దె. కింద ముందుగదిలో ఆమె, కోడలు, ఇంకో నలుగురు ఆడవాళ్లు పొద్దున్నే కూర్చుని జొన్నరొట్టెలు తట్టి అమ్ముతారు. చోటు చాలక మిద్దె మీద ఒక గది కట్టాలనుకుంది. పాత దూలాలు మోస్తాయో లేదో చూడమని సారు దగ్గరికి వచ్చింది.

"ఏమ్మీ, నీ డబ్బా నన్ను గూడా తూకమేస్తాదా?" అని నా భుజం మీద చెయ్యేసి అడిగింది.

"నువ్వెంత అవ్వా, రెండు రొట్టెల బరువు" అన్నాను.

"రొట్టెలు కావులే, పిండి బస్తా అను!" అని నవ్వింది. ఆ చేతికి ఇంకా జొన్నపిండి అంటుకునే ఉంది.

సారు పోయి కొలతలు తెచ్చాడు. కాగితంలో మిద్దె మీది మన్ను అరడుగని ఉంది. చూడగానే నాకు అనుమానం వచ్చింది. మావైపు ఏటా వానలకు ముందు మిద్దె మీద చౌడుమన్ను పోస్తారు, వాననీళ్లు లోపలికి ఉరవకుండా. పాతది తీసేవాళ్లు ఉండరు, దాని మీదే కొత్తది. అంచుల్లో వాన కోసేస్తుంది కాబట్టి అక్కడ పలచగానే కనిపిస్తుంది. నడుమ మాత్రం తరాల చౌడు పేరుకుని ఉంటుంది. మా అమ్మ గంపలు మోస్తుంటే చూసినదాన్ని.

"సార్, ఇది అంచు కాడి కొలత. నడిమిట్ల గునపం దించి చూస్తే మేలేమో" అన్నాను.

"మిద్దె తవ్వేది మన పనేనా? ఉరిస్తే ఆ ముసలామె మనల్ని తిడ్తాది. అరడుగు ఏసుకోమ్మా. నీకెందుకు అవన్నీ?"

వేసుకున్నాను. సాఫ్ట్‌వేరు పట్టికలో చౌడు లేదు. నేనే కొత్త పదార్థంగా చేర్చి, దాని సాంద్రత ఎక్కించి, మందం అరడుగని కొట్టాను. దూలాలన్నీ పచ్చగా వచ్చాయి. మోయలేనిదైతే ఎర్రగా వచ్చేది. పచ్చగా వచ్చినందుకు మల్లన్నకు దండం పెట్టుకున్నాను కూడా.

గది గోడలు లేచాయి. మొదటి పెద్దవాన పడిన మర్నాడు, ముందుగది నడిమి దూలం విరిగింది. రొట్టెలు అయిపోయి మిగతావాళ్లు వాకిట్లో మూటలు కడుతున్నారు. అవ్వ ఒక్కతే పొయ్యి ఆర్పడానికి లోపల ఉండిపోయింది. ప్రాణం దక్కింది. కుడి మణికట్టు నలిగిపోయింది.

సారూ నేనూ వెళ్లేసరికి వీధంతా అక్కడే ఉంది. విరిగిన చోట చౌడు పొరలు పొరలుగా కనిపిస్తోంది. ఏ ఏటిది ఆ ఏటికి లెక్కపెట్టొచ్చు. రెండడుగులు.

"బరువు లెక్క ఏసింది ఈయమ్మేనప్పా. ఇంట్లో నేర్చుకున్న సదువు. నమ్మి పనిచ్చినందుకు నాకు బాగా బుద్ధొచ్చింది" అన్నాడు సారు, అందరికీ వినబడేలా.

నేను నోరు తెరవలేదు. ఇంటికొచ్చి ఆ ఫైలులో అరడుగు తీసి రెండడుగులు కొట్టాను. నడిమి దూలం ఎర్రబడింది. క్షణం పట్టలేదు.

నెల తర్వాత అవ్వను చూడబోయాను. రేకుల పందిరి కింద కోడలు రొట్టెలు తడుతోంది. అవ్వ కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో పిండి జల్లిస్తోంది.

"అమ్మీ, నీకు ముందే తెలిసిండెనా?"

"తెలుసవ్వా. సారుకు చెప్పినా."

జల్లెడ పక్కన పెట్టింది.

"ఇల్లు సారుదా?"

మా గుమ్మం నుంచి ఆ ఇల్లు నాలుగంగల దూరంలో ఉంది. ఆ రోజు పోయి ఆ మాట అవ్వకే చెప్పి ఉంటే చాలు.

ఎడమచేత్తోనే రొట్టె, గోంగూర పెట్టి "తిను" అంది. తిన్నాను. ఎవరు పిడికెడు పెట్టినా "మీ చెయ్యి చల్లగుండ" అనడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆమె ఒళ్లోని కుడిచెయ్యి చూసి, ఆ మాట మింగేసి లేచి వచ్చాను.