కంపెనీ ట్రిప్పులో వదిన

గజపతినగరంలో మాకు ఎరువులు, పురుగుమందుల కొట్టు ఉంది. మా ఆయన పోయాక నేను కొట్టు మూసేస్తానని బజారంతా అనుకుంది. మూయలేదు. మొదట్లో రైతులు కౌంటరు మీంచి లోపలికి తొంగిచూసి "బాబు నేడేటి" అని అడిగేవారు, ఆయన లేడని తెలిసి కూడా. పోను పోను వాళ్ళే ఎండిన వరి దుబ్బులూ పుచ్చు వంకాయలూ తెచ్చి నా ముందు పడేసి "ఇదేటో సూడమ్మా" అనడం మొదలుపెట్టారు. నాకు నోరు ఎక్కువని పేరు. ఆ నోరు లేకపోతే కొట్టు నడిచేది కాదు.

రెండు వేల పది దాటాక కొన్నేళ్ళకి, ఒక మందుల కంపెనీ పెట్టిన టార్గెట్ దాటేశాను. ఆ రోజుల్లో టార్గెట్ దాటిన డీలర్లకి థాయిలాండ్ ట్రిప్పు ఇచ్చేవారు. సిమెంటు వాళ్ళు, విత్తనాల వాళ్ళు, పెయింట్ల వాళ్ళు, అందరూ తీసుకెళ్ళేది అక్కడికే. మా రెండు జిల్లాల్లో ఏ షావుకారి పాస్‌పోర్టులోనైనా ఒక్క దేశం ముద్రే ఉందంటే అది ఏ దేశమో అడగక్కర్లేదు. వెళ్ళొచ్చినవాళ్ళందరూ ఇంట్లో ఒకే మాట చెప్పేవారు. బంగారు బుద్ధుణ్ణి చూశాం, పులిని ముట్టుకున్నాం అని.

నా పేరు జాబితాలోకి రాగానే కంపెనీ ఆఫీసరు పరుగెత్తుకొచ్చాడు. గుంటూరు వైపు కుర్రాడు, పాపం మంచివాడే.

"మేడమ్, ట్రిప్పు బదులు మీకు ఫ్రిజ్ ఇప్పిస్తాను."

"ఫ్రిజ్జుంది బాబూ."

"పోనీ వాషింగ్ మెషీన్."

"అదీ ఉన్నాది."

"అక్కడ మీకు బాగుండదు మేడమ్. అంతా మగవాళ్ళే."

"నా కొట్టుకొచ్చేదెవులు? ఆళ్ళూ మగోళ్ళే కదా."

అక్కడ ఏముందో నాకు తెలియక కాదు. అతని నోటితోనే చెప్పించాలని నా పట్టుదల. పాపం చెప్పలేకపోయాడు. నేను విశాఖపట్నం వెళ్ళి పాస్‌పోర్టుకి దరఖాస్తు పెట్టుకొచ్చాను. అమ్మింది నేను, ట్రిప్పు నాది. అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు.

పదిమంది మగవాళ్ళు, నేను. ఆ పదిమందిలో ఒకడు మా చెల్లెలి మొగుడు. కోటబొమ్మాళిలో విత్తనాలూ మందులూ అమ్ముతాడు. నేను వస్తున్నానని తెలిసి ఫోన్ చేశాడు.

"వదినా, అక్కడ తిండి కష్టం. మన కారం దొరకదు."

"ఆవకాయ తెస్తానులే మరిదీ. నీకూ ఎడతాను."

ఆ తరవాత చెల్లెలు చేసింది. అమ్మ పోయినప్పుడు దానికి జడ వేసుకోవడం కూడా రాదు, నేనే పెంచాను. నన్ను అప్పా అని పిలుస్తుంది.

"అప్పా, నువ్వెల్తన్నావు కదా, నాకింక బెంగ నేదు. ఏటి సూసినా నాకు సెప్పాల. దాసకు."

నాకు ఒళ్ళు మండింది. కష్టపడి సంపాదించుకున్న విమాన ప్రయాణం ఇది. దీంట్లో కూడా నన్ను కాపలా పెడుతున్నారు. కానీ అడిగింది చెల్లెలు. "సరేలే" అన్నాను. ఆ సరేలేని మోసుకునే విమానం ఎక్కాను.

బ్యాంకాక్‌లో దిగి, వీసా ముద్ర వేయించుకుని, బస్సులో పట్టాయా బయల్దేరాం. గైడు హైదరాబాదు వాడు, అక్కడే స్థిరపడిపోయాడు. మైకు పట్టుకుని మొదలుపెట్టబోయి, వెనక సీట్లో నన్ను చూసి ఆగిపోయాడు.

"సెప్పు బాబూ," అన్నాను. "నాను మందు డబ్బాలో కాయితం కూడా సదివే మనిసిని."

చెప్పాడు. పాస్‌పోర్టు హోటల్ లాకర్లో పెట్టి నకలు జేబులో ఉంచుకోమన్నాడు. బారులో కూర్చునే ముందే రేటు కార్డు చూడాలట, పక్కన కూర్చున్న అమ్మాయి తాగేది కూడా మన బిల్లులోనే పడుతుందట. మేడ మీద షో ఉందని ఎవరైనా చెయ్యి పట్టి లాగితే వెళ్ళొద్దన్నాడు. ఫోటోలు తీయొద్దన్నాడు. ఎదుటి మనిషి వయసు మీద ఏ కాస్త అనుమానం వచ్చినా లేచి వచ్చేయమన్నాడు, లేకపోతే జైలేనట. ఇక్కడ కూడా ఈ వ్యాపారం చట్టం ఒప్పుకున్నది కాదు, చూసీ చూడనట్టు ఊరుకుంటారు, ఏదైనా తేడా వస్తే మీ వైపు ఎవరూ నిలబడరు అన్నాడు. కండోమ్ మాట వచ్చేసరికి పదిమందీ కిటికీల్లోంచి బయటికి చూడసాగారు, అక్కడేదో పంట పరిశీలిస్తున్నట్టు.

చివర్న ఒక మాటన్నాడు. "వాళ్ళు కాదంటే కాదనే అర్థం. డబ్బు కట్టాం కదా అనకండి. మీరు సెలవుకి వచ్చారు. వాళ్ళు పనికి వచ్చారు. అది గుర్తుంటే చాలు."

మేం అమ్మే ప్రతి డబ్బాలోనూ ఒక కాగితం మడిచి ఉంటుంది. చేతులకి తొడుగులు వేసుకోండి, గాలికి ఎదురుగా కొట్టకండి, పిల్లలకి దూరంగా ఉంచండి అని. రైతు ఆ కాగితం తీసి కౌంటరు మీదే వదిలేసి డబ్బా పట్టుకుపోతాడు. గైడు మాటలు కూడా ఆ బస్సులోనే ఉండిపోయాయని సాయంత్రానికి తెలిసింది.

సముద్రం ఒడ్డున పెద్ద వీధి ఒకటుంది. చీకటి పడ్డాక దాంట్లోకి బళ్ళు రానివ్వరు, అందరూ నడవడమే. నేనేదో భయంకరంగా ఊహించుకున్నాను గానీ పిల్లల్ని ఎత్తుకున్న సంసారులు కూడా ఐస్‌క్రీం తింటూ తిరుగుతున్నారు. మా వాళ్ళు నాకు కాస్త ముందు నడిచారు. కాసేపటికి చాలా ముందు నడిచారు. నా కాళ్ళు లాగేస్తుంటే ఒక కొట్టు ముందు వరసగా వేసిన కుర్చీల్లో కూర్చున్నాను. కాళ్ళు పట్టే కొట్టు అది.

నలభై దాటిన ఆవిడొకతె పీట వేసుకుని నా కాళ్ళు తన ఒళ్ళో పెట్టుకుంది. బొటనవేలు పాదంలో నొక్కగానే ఆ చెయ్యి ఏమిటో నాకు తెలిసిపోయింది. ఊడ్పులు ఊడ్చిన చెయ్యి. నేను నా చేత్తో నాట్లు వేస్తున్నట్టు అభినయించి చూపించాను. ఆవిడ పకపకా నవ్వి ఫోన్ తీసింది. ఫోటోలో ఒక ముసలమ్మ, ఒక పిల్లాడు, వెనక వరి చేను. నేను మనుషుల్ని చూడకుండా చేనునే చూశాను. అక్కడక్కడ గుండ్రంగా, సుడిలా ఎండిపోయి ఉంది. సుడిదోమ, వరిని పీల్చేసే పురుగు. మా కొట్టుకి ఏటా ఆ దుబ్బులు వస్తాయి. నీళ్ళు తీసేయమని, చేలో బాటలు వదలమని చేతులతో చెప్పాను. ఆవిడకేం అర్థమైందో తెలీదు, తల మాత్రం ఊపింది.

తరవాత ఎదురుగా ఉన్న బారు వైపు వేలు చూపించి, వచ్చీరాని ఇంగ్లీషులో "బిఫోర్, మీ" అంది. ఒకప్పుడు నేనూ అక్కడే అని. ఏడవలేదు, నవ్వలేదు. పాత ఉద్యోగం గురించి చెప్పినట్టు చెప్పి మళ్ళీ నా మడమ పట్టుకుంది. పాడు పని అందామని నా నోటిదాకా వచ్చింది. ఆ ఫోటోలో పిల్లాడిని సాకింది ఆ పనే కదా అనిపించి ఊరుకున్నాను. నోరు ఊరుకుంది గానీ మనసు ఊరుకోలేదు. ఆ పనిని మంచిదనలేను, ఆవిణ్ణి చెడ్డదనలేను. ఇప్పటికీ నా పరిస్థితి అదే.

ఎదుటి బారులో ఎత్తు బల్లల మీద ఆడపిల్లలు కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరి బట్టకీ అంకె వేసిన గుండ్రటి బిళ్ళ. వాళ్ళ మధ్య మా మరిది. పక్కన పాతికేళ్ళు దాటిన పిల్ల, చేతిలో గ్లాసు. అతను ఏదో చెబితే ఆ పిల్ల నవ్వుతోంది. అతను చెప్పింది ఆ పిల్లకి అర్థమై ఉండదని నాకు తెలుసు. కౌంటరు దగ్గర డబ్బు కట్టాడు. ఇద్దరూ చేతులు పట్టుకుని పక్క సందులోని లాడ్జి వైపు బయల్దేరారు. సందు మొదట్లో తిరిగి చూసిన మరిదికి నేను కనబడ్డాను. నా కాళ్ళు ఆవిడ ఒళ్ళో ఉన్నాయి, లేవలేను. అతను ఒక్క క్షణం నిలబడిపోయాడు.

తరవాత తల తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయాడు. నన్ను చూడకుండా వెళ్ళుంటే ఒకలా ఉండేది. నన్ను చూసి కూడా వెళ్ళాడు. కోపం వచ్చింది, అంతకంటే ఎక్కువ భయం వేసింది. నా చెల్లెలి గురించి భయం.

మర్నాడు పొద్దున్న హోటల్లో ఉప్మా దగ్గర నా ఎదురుగా కూర్చున్నాడు. కళ్ళెత్తలేదు.

"వదినా, దానికి సెప్పేస్తావేటి?"

"సెప్తాను."

"కాపరం పోతాది వదినా."

"పోతే నా వల్ల పోతాదేటి?"

మరో బల్ల దగ్గరున్న పెద్దాయన, పొందూరు డీలరు, కలగజేసుకున్నాడు. "డబ్బిచ్చేం కదమ్మా. ఎవులినీ మోసం సెయ్యనేదు."

"ఆ పిల్లని సెయ్యనేదు, సరే. ఇంట్లో ఉన్న మనిసికి ఏటి సెప్పేవు?"

ఆయన "బుద్దుణ్ణి సూసేనని సెప్పేను" అన్నాడు. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. మా మరిది మాత్రం నవ్వలేదు. అందుకే అతని మీద కాస్త ఆశ మిగిలింది.

గొంతు తగ్గించి మరిదికి చెప్పాను. "ఊరెల్లగానే రక్త పరీక్ష సేయించుకో. మళ్ళీ మూడు నెల్లు పోయాక ఇంకోపాలి. అందాకా దాని దగ్గరకెల్లకు. వచ్చే ఆదివారం నాను కోటబొమ్మాళి వస్తాను. ఈ లోపల నువ్వే సెప్పుకో. నువ్వు సెప్పకపోతే నాను సెప్తాను."

విమానం ఎక్కేదాకా నాతో మాట్లాడలేదు. విమానాశ్రయం దుకాణంలో ఇంటికోసం, నొప్పులకి రాసుకునే పచ్చనూనె సీసాలూ చాక్లెట్లూ కొన్నాడు.

ఊరొచ్చాక నా కొట్టుకి కొత్త బేరాలు తగిలాయి. డీలర్ల భార్యలు ఒక్కొక్కరే వచ్చేవారు. ఒకామె పెరట్లోకి బీర విత్తనాలంది, వాళ్ళాయనకే విత్తనాల కొట్టుంది. ఇంకొకామె చీమల మందంది. బేరం అయ్యాక వెళ్ళకుండా నిలబడేవారు. "నువ్వూ ఎల్లేవంట కదా" అనేవారు, మాట అక్కడే ఆపేసి. నేను చూడనిది కల్పించలేను. "మీ ఆయన్ని నాను సూడనేదమ్మా. పరీక్ష సేయించుకోమని అడుగు. ఆ మాటకి మొకం ఎలా పెడతాడో సూడు, నీకే తెలుస్తాది" అన్నాను. ఒకామె విత్తనాలు కౌంటరు మీదే మరిచిపోయి వెళ్ళింది.

ఆదివారం వచ్చింది. మరిది దగ్గర్నుంచి ఫోన్ లేదు. విజయనగరంలో రైలు మారి కోటబొమ్మాళి వెళ్తుంటే నా ధైర్యం స్టేషనుకి కొంత చొప్పున దిగిపోసాగింది. ఏమీ చూడలేదని అంటే ఎంత తేలిక. దానికి ఇద్దరు పిల్లలు. ఇల్లు చల్లగా ఉంది. అందులో నేను తీసుకెళ్ళి నిప్పు పెట్టడమా? అలాగని దాని ఒంటికి ఏదైనా అంటుకుంటే తరవాత ఏ ముఖం పెట్టుకుని చూడను? కొట్లో ఎవరినైనా కడిగేసే నేను, రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఒక్క వాక్యం కూడబలుక్కోలేకపోయాను.

ఇంట్లో చెల్లెలొక్కతే ఉంది. పిల్లలు ట్యూషన్‌కి వెళ్ళారు, మొగుడు ఆదివారమైనా కొట్టుకి వెళ్ళాడు. అతను చెప్పాడో లేదో దాని ముఖం చూసి పోల్చుకుందామనుకున్నాను. ఏమీ అంతు చిక్కలేదు. వంకాయ, ఎండురొయ్యల కూర వండింది. నాకు అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని అడిగింది.

"అప్పా, ఏటి సూసేవు?"

కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాను. బారులో కూర్చోడం, డబ్బు కట్టడం, సందులోకి వెళ్ళడం, నన్ను చూసి కూడా వెళ్ళడం, అన్నీ చెప్పాను. మెత్తగా చెప్పడం నాకు రాదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

అది ఏడవలేదు. కొంగుతో నేల మీద ఏదో తుడిచింది. అక్కడ తుడవడానికి ఏమీ లేదు.

"ఆ పిల్ల పేరేటి?"

ఆ ప్రశ్న నేను అనుకోలేదు. "తెలీదే. అంకె బిళ్ళ ఎట్టుకున్నాది."

"ఆయనా అదే సెప్పేడు. పేరు తెలీదంట. అంకె తెలుసంట." కొంగు విదిలించింది. "ఆ మాటకే నాకు ఒళ్ళు మండిపోయింది అప్పా."

"నీకు సెప్పేసేడా? ఎప్పుడే?"

"వొచ్చిన మర్నాడే. నువ్వొస్తావని కూడా సెప్పేడు. అప్పట్నించి కొట్టు గొడౌన్లోనే పడుకుంటన్నాడు. పరీక్షకెల్లేడు. మిగతాది నాను ఆలోసించుకోవాల."

"మరి తెలిసీ నన్నెందుకడిగేవు?"

"నువ్వు దాస్తావేమోనని," అంది. "ఆయన దాసినా బతికేద్దును అప్పా. నువ్వు దాస్తే నాకింకెవులున్నారు?"

రైల్లో వస్తూ నేను ఏమీ చూడలేదని చెప్పడానికి ఎంత దగ్గరగా వెళ్ళానో తలుచుకుంటూ, వదిలేసిన ముద్ద మళ్ళీ కలిపాను. అది లేచి నా కంచంలో మరో గరిటె కూర వేసి, తన కంచం కూడా తెచ్చుకుని నా పక్కన కూర్చుంది.