అల్ ఖౌద్ స్నానశాలలో పెసరపిండి

రవణమ్మ చెయ్యి నా వీపు మీద మూడోసారి కూడా జారిపోయింది. గరుకు గుడ్డ తొడుక్కున్న చెయ్యి అది. గట్టిగా లాగితే మురికి నూలుపోగుల్లా చుట్టుకుని రాలాలి. ఒక్క పోగు రాలలేదు. బల్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడిన కొరియా ఆవిడ వంగి నా వీపు చూసింది, తర్వాత రవణమ్మ చేతిని చూసింది.  

ఆ బల్ల మీదికి ఎలా చేరానో చెప్పాలి.

సమాయిల్‌లో మా చెల్లెలి ఇంట్లో నెల రోజులు ఉందామని ఒమాన్ వెళ్లాను. హైదరాబాద్ నుంచి విమానంలో నా పక్క సీటు రవణమ్మది. ప్రొద్దుటూరు మనిషి. తొమ్మిదేళ్లుగా అల్ ఖౌద్‌లో ఒక ఒమానీ కుటుంబంలో ఇంటి పని చేస్తోంది. అంతకు ముందు ఊళ్లో బాలింతలకూ పసిబిడ్డలకూ నీళ్లు పోసేది. కాళ్లు చాపి, బిడ్డను పడుకోబెట్టుకుని ఎలా రుద్దాలో సీటు బెల్టు పెట్టుకునే చూపించింది. దిగేటప్పుడు ఫోన్ నంబర్లు తీసుకున్నాం.

రెండు వారాల తర్వాత ఫోన్ చేసింది. అల్ ఖౌద్‌లో కొరియా వాళ్ల స్నానశాల ఒకటి ఉందట. ఆడవాళ్ల వైపు ఒళ్లు రుద్దే మనిషి స్వదేశం వెళ్లిపోతోందట. రవణమ్మ తన సెలవు శుక్రవారాల్లో వెళ్లి ఆ పని నేర్చుకుంది. ఇప్పుడు పరీక్ష.

"రుద్ది సూపిచ్చేదానికి మనిషిని మనమే తోడుకోని రావాలంట అక్కా. నాకు తెలిసినోళ్లందరూ ఇండ్లల్లో డ్యూటీ. నా లీవు రోజే వాళ్లకూ లీవు యాడ దొరుకుతాది? మీరొక్కరే కనిపిస్తాండారు. సెంటు, క్రీము పెట్టుకోకుండా రండి, సాలు."

పని దొరికితే రోజుకు ఎనిమిది గంటల డ్యూటీ, లోపలి వైపు గడియ ఉన్న గది. ఇప్పుడు ఆమె పడుకునేది ఇస్త్రీ బట్టలు పెట్టే గదిలో. ఆ గదికి గడియ లేదు.

శుక్రవారం ఉదయం ఏడింటికి సమాయిల్ మెయిన్ రోడ్డు మీద షేర్ టాక్సీ ఎక్కాను. మనిషికి ఒక రియాల్. ఆడవాళ్లకు వెనక సీటు వదిలేస్తారు. ముందు సీట్లో జగిత్యాల వైపు మనిషి, సైట్‌లో తాపీ పని. సీబ్‌లో స్నేహితుల రూమ్‌కు వెళ్తున్నాడు. నేను ఎక్కడికో చెబితే పూర్తిగా వెనక్కి తిరిగాడు.

"పైసలిచ్చి ఒళ్లు రుద్దిచ్చుకునుడా అమ్మా? గట్లయితె మమ్ముల తోలుకపోవాలె. మా ఒంటి మీది సిమెంటుకు ఆల్ల చేతులే అరుగుతయి."

దారి పొడవునా పచ్చని చెట్టు లేని గుట్టలు, వాటి అడుగున సన్నటి చారలా ఖర్జూర తోటలు. గడియార స్తంభం ఉన్న రౌండబౌట్ దగ్గర దిగి, ఇంకో టాక్సీ మారి, ఎనిమిదింబావుకు అల్ ఖౌద్ చేరాను. యూనివర్సిటీ పిల్లల కోసం వెలిసిన దుకాణాల వీధి. మందుల షాపు ముందు రవణమ్మ అప్పటికే నిలబడి ఉంది. స్నానశాల ఆ పై అంతస్తులో.

చెప్పులు ఒక పెట్టెలో, బట్టలు ఇంకో పెట్టెలో. గోడ మీద మూడు భాషల్లో నియమాల బోర్డు ఉంది. ముప్పై ఏళ్లు పత్రికలో ప్రూఫులు దిద్దిన దాన్ని, ఆ బోర్డు చదవలేదు. తువ్వాలు చుట్టుకుని తలుపు దగ్గరే ఆగిపోయాను.

"పసిబిడ్డలకు సిగ్గుంటాదా అక్కా? ఈడ అందురూ పసిబిడ్డలే, రండి," అంది రవణమ్మ.

ముందు షవర్, తర్వాత వేడినీళ్ల తొట్టిలో ఇరవై నిమిషాలు. మొదటి నిమిషం కాళ్లు భరించలేవు, అయిదో నిమిషానికి లేవబుద్ధి కాదు. తర్వాత రెక్సిన్ పరిచిన బల్ల. చెయ్యి జారింది అక్కడే.

రవణమ్మ నా చెవి దగ్గరికి వంగింది. "అక్కా, పొద్దున నూనె పెట్టుకున్యారా?"

"పెట్టుకున్నాను. ఒళ్లంతా. స్నానానికే కదా వస్తున్నాను."

పెద్ద స్నానం అంటే ముందు నువ్వుల నూనె. ఆరింటికి లేచి అరగంట పట్టించాను. షవర్ కింద నిలబడ్డా, తొట్టిలో నానినా ఆ జిడ్డు వదల్లేదు.

"నాదే తప్పు," అంది రవణమ్మ. "సెంటు వద్దంటి, క్రీము వద్దంటి. నూనె సంగతి నాకే తోచల్యా. నూనె లేకుండా తానమేంది?"

కొరియా ఆవిడ పేరు యూన్, స్నానశాల నడిపేది ఆవిడే. అరవై ఏళ్లుంటాయి. వేలితో నా భుజం తాకి, ఆ వేలిని బొటనవేలితో రాసి చూసుకుంది. నూనె ఉంటే చర్మం పట్టదు, ఇవాళ్టికి ఇంతే, అంది ఇంగ్లిషులో. వచ్చే శుక్రవారం ఇంకొకామె పరీక్షకు వస్తోందని కూడా చెప్పింది. నాకు లేచి ఎక్కడైనా దాక్కోవాలనిపించింది.

"టెన్ మినిట్స్, మేడమ్," అని రవణమ్మ తడి కాళ్లతోనే బయటికి పోయింది. తిరిగి వచ్చినప్పుడు చేతిలో స్టీలు గిన్నె, దాని నిండా పెసరపిండి. స్నానశాలకు ఆనుకుని చిన్న వంటిల్లు ఉంది. మన పెసరట్టు లాంటిది అక్కడ మందంగా కాలుస్తారు. నేర్చుకోవడానికి వచ్చిన శుక్రవారాల్లో ఆమె అది చూసి పెట్టుకుంది.

పిండి తడిపి మెడ నుంచి మడమల దాకా రుద్దింది. చెంబుతో నీళ్లు గుమ్మరించింది. మళ్లీ పిండి, మళ్లీ నీళ్లు. మళ్లీ పది నిమిషాలు తొట్టిలోకి పంపింది. ఈసారి బల్ల మీద పడుకున్నాక గుడ్డ పట్టింది. వీపు మీద గరగరమని పైకీ కిందికీ. నా మోచేతి పక్కన బూడిద రంగు పోగులు రాలాయి. రోజూ రెండు పూటలా స్నానం చేసే దాన్ని. తల తిప్పుకున్నాను.

"సూడండి అక్కా," అంది రవణమ్మ సంబరంగా.

"నువ్వు చూడు, చాలు."

యూన్ గిన్నెలోంచి చిటికెడు పిండి తీసుకుని వాసన చూసింది. వాళ్ల అమ్మమ్మ ఇలాంటి పిండితోనే మొహం కడుక్కునేదట. కట్టుకున్న చేతులు విప్పింది. నన్ను వెల్లకిలా తిప్పేటప్పుడు రవణమ్మ ఎడమ అరచేయి నా మెడ కిందికి దానంతటదే వచ్చింది, తల నిలవని బిడ్డకు పట్టినట్టు. యూన్ అది గమనించింది. ఎవరు నేర్పారు అని అడిగింది.

"బేబీస్, మేడమ్," అంది రవణమ్మ.

పదకొండింటికి బయటి గదిలో నేల మీద కూర్చున్నాం. అక్కడ ఇచ్చే వదులు చొక్కా, పైజామా వేసుకున్నాను. బార్లీ నీళ్లు, మట్టి రంగు వచ్చేదాకా వేడికి ఉంచిన కోడిగుడ్లు పెట్టారు. యూన్ కొత్త గుడ్డ ఒకటి తెచ్చి రవణమ్మ చేతిలో పెట్టింది. ఒకటో తారీకు నుంచి రా, కాగితం తీసుకుని రా, అంది.

కాగితం అంటే కఫీల్ సంతకం, అంటే వీసా ఇచ్చిన ఇంటి యజమాని సంతకం. ఇంటి పని వీసా మీద వచ్చిన మనిషి వేరే చోటికి మారాలంటే ఆ సంతకం కావాలి.

వెళ్లేవాళ్లకు రెండు మాటలు. శుక్రవారం పదకొండున్నర నుంచి రెండింటి దాకా నమాజు కోసం మూసేస్తారు. ప్రవేశానికి ఒక టికెట్టు, రుద్దించుకోవడానికి ఇంకొకటి. బోర్డు చదవండి. నూనె వద్దు.

మధ్యాహ్నం ఒక మలయాళీ హోటల్లో భోంచేసి, నాలుగింటికి రౌండబౌట్ దగ్గర సమాయిల్ టాక్సీ కోసం నిలబడ్డాం.

"ఇంట్లో ఏమంటారు?" అన్నాను.

"మామాతో పోయిన వారమే సెప్పినా," అంది. యజమాని భార్యను ఇక్కడ అలాగే పిలుస్తారు. "పోవద్దనల్యా. ఈద్ పోనీ సూద్దామనింది. తొమ్మిదేండ్లలో ఆయమ్మ సూద్దామన్యాది ఏదీ కాదని సెప్పల్యా అక్కా. కొంచిం లేటయితాది, అంతే."

టాక్సీలో కిటికీ తీసి కూర్చున్నాను. పొద్దున్న వచ్చిన దారే. చేతుల మీద గాలి మాత్రం కొత్తగా తగులుతోంది. గుట్టలు దగ్గరగా ఉన్నట్టున్నాయి. మనల్ని ఎత్తుకుని కడిగిన చేతులు ఏ వయసులో ఆగిపోయాయో ఎవరికీ గుర్తుండదు. నాకు ఆ పూట అవి మళ్లీ దొరికాయి.

ఒకటో తారీకు దాటిపోయింది. యూన్ ఇంకో నెల ఆగుతానందని రవణమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఈద్ కూడా అయిపోయింది. కొత్త గుడ్డ ఇస్త్రీ గదిలో రవణమ్మ దిండు కింద ఉంది. సంతకం ఇంకా కాలేదు.