కూరలో బొగ్గుముక్క

నిన్న దీపాలు పెట్టే వేళ పక్కింటావిడ స్టీలు డబ్బాలో మాంసం కూర పంపిస్తే, మూత తీసి గరిటెతో అడుగుదాకా కెలికి చూశాను. ఏం వెతుకుతున్నావని మా అమ్మాయి అడిగింది. బొగ్గుముక్క అంటే నవ్వుతుందని చెప్పలేదు. నా ఈడు వాళ్లు మీరు నవ్వరు లెండి, మీ ఇళ్లలోనూ పెట్టే ఉంటారు.

అవి యుద్ధం రోజులు. మేడ్చల్‌లో మా నాయిన చర్చి బడిలో తాత్కాలికంగా పాఠాలు చెప్పేవాడు. ఆ కొలువు ఖాయం కావాలంటే పాస్టరుగారు మా ఇల్లు చూసి మంచిమాట చెప్పాలి. బాప్తిస్మం తీసుకుని కూడా పాత నమ్మకాలు వదలని ఇళ్లంటే ఆయనకు గిట్టదని ఊళ్లో అందరూ అనుకునేవారు. ఆయన వస్తే వచ్చారు గానీ, శామీర్‌పేటలో మేనత్త ఇంటి విందులో మిగిలిన మాంసం గిన్నెకు గుడ్డ కట్టుకుని మా అవ్వ బండి దిగిన సాయంత్రమే రావాలా?

ఇంట్లో నూకలు తప్ప మరేమీ లేవు. అమ్మ గబగబా మూకుడు పొయ్యి మీద పెట్టి, ఉల్లిగడ్డ, చింతచిగురు వేయించి, గిన్నెలోని మాంసమంతా గుమ్మరించి, నీళ్లూ నూకలూ పోసి మూత పెట్టింది. అది కుతకుతమంటుండగా అవ్వ గొంతు తగ్గించింది.

"బొగ్గు తీసినవా?"

"ఏం బొగ్గు అత్తా?"

"పొద్దుగూకినంక కూర తెస్తే గాలి సోకదా? మీదనే పెట్టిన. బండి కుదుపులకు లోపలికి పోయినట్టుంది."

"గాయన గిది చూసిండంటే మన బతుకేంగావాలె? దేవుని మీద నమ్మకం లేదా నీకు?"

"దేవుడు మంచోడేనే. గాలే మంచిది గాదు."

ఆ బుడ్డిదీపం వెలుగులో, నల్లబడిన చింతచిగురులో, ముక్కేదో బొగ్గేదో ఎవరికి తెలుస్తుంది? అమ్మ కలుపుతూనే వెతికింది. అవతలి గదిలోంచి నాయిన రెండోసారి కేకేసేసరికి ఇక వడ్డించక తప్పలేదు.

నేను నీళ్ల చెంబు పట్టుకుని గడప దగ్గర నిలబడి పాస్టరుగారి దవడ వైపే చూస్తున్నాను. ఏమీ తెలియని నాయిన ఉత్సాహంగా బడి సంగతులు చెబుతున్నాడు. ఉన్నట్టుండి పాస్టరుగారు నమలడం ఆపారు. తలుపు చాటున అమ్మ నా భుజం పట్టుకున్న పట్టు తలుచుకుంటే ఇప్పటికీ నొప్పి పుడుతుంది. ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు, విస్తరి వైపు వంగారు, మళ్లీ తినసాగారు. పైగా మారు వడ్డించమన్నారు. వెళ్తూ వెళ్తూ, కొలువు సంగతి పెద్దలతో తాను మాట్లాడతానని నాయిన భుజం తట్టారు.

విస్తరి తీసింది నేనే. ఎముకలన్నీ ఒక మూలకు చేర్చి ఉన్నాయి. వాటి కింద, మోదుగాకు మడతలో, బొగ్గుముక్క.

అమ్మ ఏడ్చింది. అవ్వ మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని "జూసినవా, బొగ్గు పనిజేసింది" అంది. పని చేసింది బొగ్గు కాదు, ఆయన మంచితనమని నేను అవ్వతో ఏళ్ల తరబడి వాదించాను, కాలేజీ చదువు అయ్యాక ఇంకా గట్టిగా. ఆమె ఒప్పుకోకుండానే పోయింది.

ఇప్పుడు కూర స్టీలు డబ్బాల్లో, బిగించిన మూతలతో, ఏ వేళకైనా వస్తుంది. గాలీ లేదు, ధూళీ లేదు. అంతా శుభ్రమే, కాదనను. కానీ ఆ కూర మా ఇంటికి క్షేమంగా చేరుతుందో లేదోనని భయపడేవాళ్లు మాత్రం ఎవరూ లేరనిపిస్తుంది.