పదో సంతకం

అది 2023. అసెంబ్లీ ఎన్నికల హడావుడి మొదలైన రోజులు. పటాన్‌చెరులో రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోయే సందులో నా దుకాణం ఉంది. 'దస్తావేజులు రాయబడును, డీటీపీ, జిరాక్స్' అని బోర్డు. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. ప్లాట్ల సేల్ డీడ్లు, కిరాయి ఒప్పందాలు, వారసత్వ పత్రాలు, ఎన్నికలు వస్తే నామినేషన్ ఫారాలు. చుట్టుపక్కల ఫ్యాక్టరీలు లేచినకొద్దీ భూములు చేతులు మారాయి, నా పనీ పెరిగింది. అందరూ రైటర్ సాబ్ అంటారు, నా అసలు పేరు నా భార్యకు తప్ప ఎవరికీ గుర్తులేదేమో.

నా చేతి వేగమంటే నాకు తగని గర్వం. పక్క దుకాణంవాడు ఒక డీడ్ రాసేలోపు నేను మూడు రాసి, టీ కూడా తాగేవాణ్ని. ఎదుటివాళ్లు నసిగితే నాకు చిర్రెత్తుకొస్తుంది. ఆ గర్వం, ఆ చిరాకు కలిసి ఏం చేశాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మల్లేశం నా దగ్గరికి నామినేషన్లకు ఇంకా నెల ఉందనగా వచ్చాడు. గుమ్మడిదల వైపు ఊరు. నలభై ఏళ్లుంటాయి. బొంతపల్లి దగ్గర ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు మీద బాయిలర్ పని చేసి మానేశాడు. చేతుల మీద పాత కాలిన మచ్చలు. ఇండిపెండెంట్‌గా ఎమ్మెల్యేకు నిలబడతానన్నాడు. నేను నవ్వాపుకుని, "గెలుస్తవా?" అని అడిగాను.

"గెలుపెక్కడిది సాబ్. నాకు పేర్లు చదవాలని ఉంది" అన్నాడు.

ఒక పొడుగాటి నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టాడు. లోపల అన్నీ పేర్లు. కాంట్రాక్టు కూలీల హాజరు రాసే పుస్తకాన్ని మస్టర్ రోల్ అంటారు. అది కంపెనీ దగ్గర ఉండదు, కాంట్రాక్టర్ చేతిలో ఉంటుంది. ఏదన్నా ప్రమాదం జరిగితే ఆ రోజు పేజీలో చచ్చినవాడి పేరు కనబడదు. పేరు లేకపోతే మనిషి ఆ రోజు పనికే రానట్టు. అట్లా ఏ పుస్తకంలోకీ ఎక్కకుండా పోయినవాళ్లను మల్లేశం ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నాడు. మనవాళ్లున్నారు, బీహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్లున్నారు. కొందరి పక్కన 'ఊరు తెల్వదు' అని ఉంది.

"గేటు కాడ నిలబడి చదువుతుంటె వాచ్‌మెన్లు తరుముతున్రు, పోలీసులు ఈడికెల్లి పొమ్మంటున్రు" అన్నాడు. "అదే క్యాండిడేట్‌నైతె మైకుకు పర్మిషన్ ఇయ్యాలె గదా సాబ్. షిఫ్టు ఇడిసే టైముకు గేటు ముంగట నిలబడి అన్ని పేర్లు చదువుత. నాకు ఓట్లు రాకున్నా పర్వాలే. రెండు వారాలు నన్ను ఎవ్వడు పొమ్మనకుంటె సాలు."

ఆ రెండు వారాల కోసమే అతని ప్రచారమంతా. నాకు అర్థమయ్యాక మళ్లీ నవ్వు రాలేదు.

మైకు లేకుండానే మొదలుపెట్టాడు. ఒకసారి గుమ్మడిదల సంతలో చూశాను. కూరగాయల కుప్పల మధ్య నిలబడి, గొంతు చించుకుని చదువుతున్నాడు. ఒకరిద్దరు నవ్వుకుంటూ పోయారు. ఒక ముసలాయన మాత్రం సంచీ కింద పెట్టి, చివరిదాకా విని, "మా వాని పేరు ఇంకోసారి చదువు బిడ్డా" అన్నాడు. మల్లేశం మళ్లీ చదివాడు. ఆయన సంచీ ఎత్తుకుని వెళ్లిపోయాడు.

పార్టీ టికెట్ ఉన్నవాడి నామినేషన్‌కు ఒక్క ప్రపోజర్ చాలు. ప్రపోజర్ అంటే ఫలానా వ్యక్తి పేరు నేను ప్రతిపాదిస్తున్నానని సంతకం పెట్టే ఓటరు. ఇండిపెండెంట్‌కు మాత్రం అదే నియోజకవర్గంలో పది మంది కావాలి. మామూలుగా అదేం పెద్ద కష్టం కాదు. మా దగ్గర కష్టం. సగం మంది బతుకు కంపెనీ గేటు లోపల ఉంటుంది. సంతకం పెడితే పొద్దున్నే గేటు పాస్ ఆగిపోతుందని భయం. మల్లేశం పది మందిని కూడగట్టడానికి చివరి రోజుదాకా పట్టింది. ఆ చివరి రోజు పొద్దున పదో మనిషికి సూపర్‌వైజర్ ఫోన్ చేశాడట. అతను రానన్నాడు.

మధ్యాహ్నం రెండు దాటాక మల్లేశం ఆటోలో బాలవ్వను తీసుకుని వచ్చాడు. మూడు గంటలకు గడువు. తొమ్మిది సంతకాలతో ఫారం నా బల్ల మీద సిద్ధంగా ఉంది.

బాలవ్వది మల్లేశం ఊరే. భర్త అంజయ్య ఒక కంపెనీ షెడ్డులో మంటలంటుకుని పోయాడు. నోటుబుక్కులో మొదటి పేరు అతనిదే. ఆమెను నేను చూడటం అదే మొదలు. యాభైకి దగ్గరగా ఉంటుంది. నుదుటి మీద చెమట, కొంగులో ముడేసుకున్న ఓటరు కార్డు. నేను ఫోన్‌లో ఓటరు లిస్టు తీసి ఆమె పార్ట్ నంబరు, వరుస నంబరు ఎక్కించి, అలవాటుగా ఇంకు ప్యాడ్ ఆమె ముందుకు తోశాను.

ఆమె చేయి చాపలేదు.

"నాకు సంతకం వస్తది సారు. పొదుపు సంగంల నేర్చుకున్న" అంది.

"ఎంతసేపు పడతది?"

"జెర సేపు. ఒక్కొక్క అచ్చరం సూసుకుంట రాయాలె."

గోడ గడియారం వైపు చూశాను. బయట ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. "అమ్మా, సంతకమైనా అంగూఠా అయినా ఒక్కటే. జల్దీ వేలు పెట్టు" అన్నాను.

"ఇగ వేలు ఎయ్యనని ఒట్టు పెట్టుకున్న సారు."

"ఒట్లు తర్వాత. టైము పోతుంటె మల్లేశం పరేషాన్ అయితుండు, నువ్వు ఒట్లంటవేంది?" కసిరాను. నిజంగానే కసిరాను.

ఆమె మల్లేశం మొహం చూసింది. అతను వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఆమె ఎడమచేయి చాపింది. నేనే బొటనవేలు పట్టుకుని ప్యాడ్ మీద ఒత్తి, ఫారం మీద ఒత్తాను. పక్కన 'గుండ్ల బాలవ్వ ఎడమచేతి బొటనవేలి ముద్ర' అని నా గుండ్రని దస్తూరీలో రాసి, సాక్షిగా నా సంతకం గీశాను. దస్తావేజుల మీద ఇరవై ఆరేళ్లుగా చేస్తున్నట్టే.

రిటర్నింగ్ ఆఫీసుకు పరుగెత్తాం. ఇంకా తొమ్మిది నిమిషాలుండగానే లోపలికి వెళ్లాం. ఆ తొమ్మిది నిమిషాలూ బెంచీ మీద కూర్చుని గర్వంగా కాలర్ సర్దుకున్నాను. మామూలుగా నేను ఎవరికైనా రెండు సెట్లు వేయిస్తాను, ఒకదాంట్లో తప్పుంటే ఇంకోటి కాపాడుతుందని. ఆ రోజు ఒక్కటే. ఫారం తీసుకుని రసీదు ఇచ్చారు. తీసుకోవడం వేరు, ఒప్పుకోవడం వేరని నేను ఎంతోమందికి చెప్పినవాణ్నే. అయినా మల్లేశం భుజం తట్టి, "అయిపోయిందిరా, క్యాండిడేట్‌వి" అన్నాను. అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

దీపావళి పోయిన మరునాడు స్క్రూటినీ, అంటే నామినేషన్లు ఒక్కొక్కటి తీసి పరిశీలించడం. అభ్యర్థి వెంట ఒక ప్రపోజర్, ఇంకొకరు ఉండొచ్చు. మల్లేశం బాలవ్వనూ నన్నూ తీసుకెళ్లాడు. అతని ఫారం రాగానే ఒక వకీలు లేచి నిలబడ్డాడు. ఎవరి తరఫు వకీలో చెప్పను, తను చేసింది తన పని. "పదో ప్రపోజర్ వేలిముద్ర వేశారు. దాన్ని అధికారి ఎదుట వేయించినట్టు లేదు" అన్నాడు.

రూలు పుస్తకం తెరిచి నాకే చూపించారు. రాయడం రాని ప్రపోజర్ వేలిముద్ర రిటర్నింగ్ ఆఫీసర్ ముందో, అందుకు నియమించిన అధికారి ముందో వేయాలి. ఆ అధికారి మనిషిని గుర్తించి ధ్రువీకరించాలి. లేకపోతే అది సంతకం కిందికి రాదు. రైటర్ సాక్ష్యం ఎందుకూ పనికిరాదు. సర్పంచ్ నుంచి ఎమ్మెల్యేదాకా నామినేషన్లు నింపిన నేను ఆ రూలు ఒక్కసారి కూడా చదవలేదు.

అప్పుడు బాలవ్వ ముందుకొచ్చింది. "సారు, నాకు సంతకం వస్తది. పెన్ను ఇయ్యుండ్రి, ఇప్పుడే పెడత."

రిటర్నింగ్ ఆఫీసర్ తల ఎత్తాడు. చెడ్డ మనిషి కాదు. "సంతకం వస్తే అప్పుడే ఎందుకు పెట్టలేదమ్మా?" అన్నాడు.

ఆమె నా వైపు చూడలేదు. నన్ను చూపించి ఒక్క మాట చెప్పి ఉంటే నాకు తేలికగా ఉండేది. "టైము లేకుండె సారు" అంది, అంతే.

"ఇప్పుడు పెడితే చెల్లదమ్మా. గడువు అయిపోయింది."

తొమ్మిది మంది లెక్కకొచ్చారు. పది కావాలి. నామినేషన్ తిరస్కరించారు. మల్లేశం కాగితం తీసుకుని మడిచి నోటుబుక్కులో పెట్టుకున్నాడు.

బయట మెట్ల మీద అతని కాళ్లు పట్టుకోబోయాను. చేయి పట్టి ఆపాడు. "గట్ల చెయ్యకుండ్రి సాబ్. మీరు కావాలని చేసిండ్రా?" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"బాలవ్వకు ఆ ఒట్టు ఎందుకు?" అని అడిగాను. ఆమె అప్పటికే ఆటోలో కూర్చుంది.

"అంజయ్య పోయిన మూడో దినాన కాంట్రాక్టరు మనుషులు కాయితం తెచ్చిండ్రు. సర్కారు సాయం వస్తది, వేలు పెట్టమన్నరు. ఏడ్సుకుంట పెట్టింది. అండ్ల ఏముందో తర్వాత ఎరుకైంది సాబ్. మా ఆయన పనికి పోలే, ఎవరినో చూడనీకి పోయిండు అని ఉంది. అప్పటిసంది వేలు ఎయ్యదు."

ఆ మాట విన్నాక రెండు రోజులు దుకాణం తీయలేదు. రెండుసార్లు, ఇద్దరు మగవాళ్లు, ఆమెకు ఆలోచించే టైమివ్వకుండా ఆమెతో వేలు వేయించారు. మొదటివాడు మోసగాడు. రెండోవాణ్ని నేను.

మూడో రోజు మల్లేశం ఫోన్ చేశాడు. "సాబ్, మీ బండి ఖాళీగుందా? ఓటేయమని అడిగిన ఇండ్లకు మళ్లా పోవాలె. మిషన్ మీద నా కోసం దేవులాడతరు, పాపం."

ఎంత ప్రచారం చేశాడో అంతా తిరిగి వెనక్కి నడిచాడు. నా స్కూటర్ మీద ఐదు రోజులు తిరిగాం. ప్రతి ఇంటి ముందూ చేతులు జోడించి, "నా పేరు లేదవ్వా. ఎవ్వరికన్నా ఏసుకోండ్రి, ఏసుడు మాత్రం మానకుండ్రి" అనేవాడు. ఎందుకు లేదని అడిగితే, "కాయితంల తప్పు బడ్డది" అనేవాడు. ఎవరు తప్పు చేశారో ఒక్క గడపలోనూ చెప్పలేదు. నేను స్కూటర్ పక్కన తలొంచుకుని నిలబడేవాణ్ని. మా పక్కనుంచే అసలు అభ్యర్థుల ప్రచార బండ్లు పాటలు మోగిస్తూ పోయేవి. సంతలో కనిపించిన ముసలాయన ఇల్లు కూడా వచ్చింది. "మరి మా వాని పేరు మైకుల చదువుతనంటివి?" అన్నాడు. మల్లేశం నోటుబుక్కు తీసి, మైకు లేకుండానే ఆ పేరు ఇంకోసారి చదివాడు.

పోలింగ్ రోజు నా ఓటు వేసి మల్లేశం ఊరికి వెళ్లాను. ఎందుకు వెళ్లానో నాకే తెలియదు. బడి గోడ బయట బాలవ్వ ఎదురైంది, వేలికి సిరా గుర్తు.

"రిజిస్టరు మీద వేలు ఎయ్యమని ప్యాడ్ పెట్టిండ్రు. పక్కకు జరిపి సంతకం పెట్టిన" అంది. "లోపల మిషన్ మీద మల్లేశం ఫొటో లేదని ఎరికే. అయినా మీదికెల్లి కిందిదాంక ఒక్కసారి సూసిన."

"తప్పు నాది బాలవ్వా" అన్నాను.

"నాది గూడ ఉంది సారు. నువ్వు కసిరితె నేను ఒట్టు ఇడిసిపెట్టిన. ఇడవకుంటె అయిపోతుండె."



మల్లేశాన్ని తర్వాత ఏ కంపెనీ గేటు లోపలికీ రానివ్వలేదు. ఇప్పుడు జిన్నారం అవతల ఒక కోళ్ల ఫారంలో పని చేస్తున్నాడు. నోటుబుక్కు బాలవ్వకు ఇచ్చాడు. నా దుకాణంలో ఇంకు ప్యాడ్ బల్ల మీదినుంచి సొరుగులోకి పోయింది. ఎవరు వచ్చినా ముందు పెన్ను పెట్టి, సంతకం వస్తదా అని అడిగి ఆగుతున్నాను. పాతవాళ్లు నా చేతి వేగం తగ్గిందంటున్నారు. ఈ పనిలో రాయడం కన్నా ఆగడం కష్టమని నాకు తెలిసేసరికి ఇంకొకరి నోరు మూతపడింది.

పోయిన ఎండాకాలం బాలవ్వ దుకాణానికి వచ్చింది. అంజయ్య ఆ రోజు పనిలోనే ఉన్నాడని లేబర్ ఆఫీసుకు అర్జీ పెట్టాలంది. రాసి, చదివి వినిపించి, పెన్ను చేతికిచ్చాను. ఆమె కుర్చీ ముందుకు జరుపుకుని, కాగితం కదలకుండా ఎడమచేత్తో నొక్కిపట్టి, ఒక్కో అక్షరం రాయడం మొదలుపెట్టింది. ఇంటిపేరు రాసి ఊపిరి పీల్చుకుంది. వత్తు దగ్గర ఆగి, చూసుకుని, మళ్లీ రాసింది.

నేను గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నాను. ఆమె పెన్ను కింద పెట్టేసరికి రెండు నిమిషాలు కూడా కాలేదు.